సాగనంపు బియ్యం

కడగబోయే నాలుగు గ్లాసుల బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి గట్టు మీది పాలపొడి డబ్బాలో వేసింది రోజా. ఆ సంఘంలో ప్రతి ఇల్లాలూ పూటపూటా చేసే పనే అది. మిగతా బియ్యం ఇంటివి, ఆ పిడికెడు దేవుడివి. నెలాఖరు ఆదివారం డబ్బాలన్నీ చర్చికి చేరతాయి.

"ఏటే, ఆ పిడికిలేటి అంత ఎడల్పు? దేవుడి డబ్బా నిండిపోతంది, మా కంచాలే సిక్కిపోతన్నాయి," అన్నారు అత్తగారు, గుమ్మంలో కూర్చుని చీపురుకని కొబ్బరి ఈనెలు చీరుతూ. ఆ వెంటనే పని చెప్పారు: "రేపు పన్నెండు మందికి వండాల. మిషను కమిటీ వోలు పొద్దుటి బండికే పలాసలో దిగుతారట. సేపలు పులుసెట్టు, కోడి ఏపుడు సెయ్యి. గుడికి ఆలస్యం అయిందని మాత్రం నాకు సెప్పకు."

రేపు ధనుంజయ్‌ను మిషనరీగా ప్రతిష్ఠించి టాంజానియా పంపిస్తారు. అతని వెంట భార్య రోజా కూడా వెళుతుంది. కాశీబుగ్గలో గోడలకు అంటించిన కాగితాల మీద అతని నిలువెత్తు బొమ్మ, దాని కింద చిన్న అక్షరాల్లో 'సతీసమేతంగా' అన్న మాట ఉన్నాయి. ధనుంజయ్ ఈనాటి వరకు భువనేశ్వర్ దాటి వెళ్ళినవాడు కాడు. టాంజానియా సముద్రపు ఒడ్డున మ్త్వారా అనే ఊళ్ళో ఇరవై మూడో ఏట ఒంటరిగా అడుగుపెట్టి, రెండేళ్ళు పరిచర్య చేసి వచ్చినది రోజా. ఆ సంగతి కాగితం మీద లేదు. పెళ్ళికి పూర్వం ఆడది చేసినదంతా పుట్టింట్లో వదిలేసి వచ్చిన పాత బట్టల లెక్కలోకి వస్తుంది కాబోలు.

నాలుగేళ్ళ కిందట ఇదే చర్చి ఆమెను సాగనంపింది. దూరదేశానికి పరిచర్యకు వెళ్ళే మనిషికి సంఘంలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ డబ్బాలోని బియ్యం పిడికెడు చొప్పున ఇవ్వడం ఇక్కడి ఆచారం. దాన్నే సాగనంపు బియ్యం అంటారు. వెళ్ళినచోట మొదటి పూట ఆ బియ్యమే వండుకు తినాలి. ఒకసారి వేసినది వెనక్కి తీయకూడదు. ఎవరికి వెయ్యాలో ఆడదానికి ఎవరూ చెప్పకూడదు. పాస్టరుగారిని పంపినా, పిల్లను పంపినా, పిడికిలి తెరవడమూ తెరవకపోవడమూ ఆమె ఇష్టం. ఆ రోజు రోజా కొంగు పట్టుకుని నిలబడితే నలభై రెండు పిడికిళ్ళు అందులో తెరుచుకున్నాయి. అందులో ఎక్కువ భాగం జీడి బట్టీల్లో పిక్కలు కొట్టే చేతులు. జీడి సొనకు వేళ్ళ కొసలు నల్లబడి, రేఖలు చెరిగిపోయి, ఆధారు మిషను మీద ఎంత నొక్కినా పోల్చుకోనివి. సుమ్మాదేవి నుంచి పాసింజరు బండిలో రోజూ పలాస వచ్చి పిక్కలు కొట్టి వెళ్ళిన ఆమె తల్లి చేతులు కూడా అలాంటివే. బతికి ఉంటే నలభై మూడో పిడికెడు ఆవిడది అయ్యేది.

"ఎల్లిరా అమ్మీ," అంది ఆ రోజు నాగమణి పిన్ని, తల్లితో పాటు ముప్పై ఏళ్ళు ఒకే బల్ల మీద పని చేసిన మనిషి. "అక్కడ కూడా మనలాటోలే ఉంటారు. సూడు కావలిత్తే."

ఉన్నారు. మ్త్వారా నిండా జీడిమామిడి తోటలు, కొబ్బరి చెట్లు, చేపల వాసన. విమానం దిగి బస్సులో ఒక పగలంతా ప్రయాణం చేసి వస్తే సోంపేట పొలిమేరలోకి వచ్చినట్టు అనిపించి ఆమెకు ఏడుపు వచ్చింది. అక్కడివారికి క్రీస్తును చూపడానికని వెళ్ళింది. చూస్తే వాళ్ళ చర్చి గంట మీద చెక్కిన సంవత్సరం రోజా ముత్తాత పుట్టక ముందుది. ఇక తాను చూపేదేమిటి? ఈ ప్రశ్నను కమిటీకి పంపిన మొదటి నివేదికలో నిజాయితీగా రాసింది. 'విశ్వాసంలో బలపడండి' అని జవాబు వచ్చింది. రెండో నెలలో మన దేశం నుంచి పదకొండు మంది బోధకుల బృందం వచ్చింది. "సిస్టర్, మన సైడు వంట తిని వారం అయింది," అన్నారు వాళ్ళు. మూడు వారాలు పదకొండు మందికి మూడు పూటలా వండింది. బృందం ఇచ్చిన నివేదికలో చివరి వాక్యం ఆమెకు ఇప్పటికీ కంఠస్థం: 'ఆతిథ్యంలో తోడ్పడిన సోదరికి వందనాలు.' ఆ సోదరికి పేరు లేదు.

పేరు పెట్టి పిలిచినది సలోమె. అరవై దాటిన విధవ, పిక్కలు కొట్టే ఆడవాళ్ళకు పెద్ద. ఒకనాడు రోజా బోధకుల బట్టలు ఉతుకుతుంటే పెరటి కంచె అవతల ఆగి, "రోజా, పోలే నా కాజీ," అంది. అర్థం తెలియక అడిగితే ముక్కలు ముక్కలుగా విడమరిచి చెప్పింది. పని చేసుకుంటున్న మనిషి ఎదురైతే వాళ్ళు ఊరికే దాటిపోరు. నువ్వు పడుతున్న పాటుకు నా మనసు నొచ్చుకుంటోంది అని చెప్పి దాటుతారు. ఇరవై మూడేళ్ళ జీవితంలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. అంతకన్నా ఘోరం, పన్నెండు గంటలు పిక్కలు కొట్టి వచ్చి పొయ్యి ముట్టించే తల్లితో తానూ ఎన్నడూ అనలేదు. ఆ సాయంకాలమే సలోమె వెంట వెళ్ళి, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. సొనకు చేతులు కాలకుండా ముందు ఆముదం రాసుకుని, పైన బూడిద అద్దుకోవడం పలాస పద్ధతిలో చూపించింది. వాళ్ళు ఆమెకు భాష నేర్పారు. ఆమె వాళ్ళకు రాత్రిబడిలో చదువు చెప్పింది. పరిచర్య అంటే ఏమిటో ఆమెకు తెలిసినంతవరకు అదే.

తిరిగి వచ్చిన ఆరు నెలలకు పెళ్ళయింది. పాస్టరు పైడయ్యగారి కొడుకు, దైవశాస్త్రంలో పట్టా, నెమ్మదస్థుడు. సంఘమంతా ఆమె అదృష్టమే అంది. కొత్తలో ధనుంజయ్ ఆసక్తిగా వినేవాడు. మ్త్వారా గురించి అడిగి అడిగి చెప్పించుకునేవాడు. తన మాటలు ఒక మగవాడు అంత శ్రద్ధగా వినడం ఆమెకు ఎంత సంతోషాన్ని ఇచ్చిందో, ఆ సంతోషానికి ఇప్పుడు అంత సిగ్గుపడుతుంది. ఒక ఆదివారం టెక్కలి సభలో అతను ప్రసంగిస్తూ, "ఒక ఆఫ్రికా తల్లి నా చెయ్యి పట్టుకుని అన్నది: పోలే నా కాజీ!" అన్నాడు. సభ కళ్ళు తుడుచుకుంది. వెనక వరుసలో, టీ గ్లాసులు కడిగిన తడి చేతులతో నిలబడి విన్నది రోజా. ఇంటికి వచ్చాక, "ఆ మాట నాతో అన్నది కదా," అంది.

"అబ్బ, మనిద్దరం ఒకటే శరీరం కాదేటి? నువ్వు, నాను అని యేరు యేరుగా సూడకు రోజా. ఇలస్ట్రేషన్ అది. 'మా ఆవిడతో అంది' అంటే ఇంపాక్ట్ పోద్ది."

ఎనిమిదో ఆజ్ఞ చిన్నప్పుడు చర్చిలో బట్టీపట్టించారు. బంగారం పోతే, గొర్రె పోతే దొంగతనం అన్నారు. ఒక స్త్రీ నడిచిన దారిని ఆమె ఇంట్లోనే, ఆమె పెట్టిన అన్నం తింటూనే ఎత్తుకుపోతే దాన్ని ఏమనాలో ఎవరూ చెప్పలేదు. పైగా అది పోయిందని అంటే స్వార్థమట. తనది అనుకోవడమే పాపమని ఆడదానికి ఇంత ఓపికగా నేర్పిన లోకం, తనది కానిదాన్ని ముట్టుకోవడం పాపమని మగవాడికి ఎందుకు నేర్పలేకపోయింది?

రెండు నెలల కిందట సలోమె నుంచి ఉత్తరం వచ్చింది, చర్చి ముద్రతో. రాత్రిబడి మూతపడింది, రోజాను మళ్ళీ పంపండి, బస మేమే చూసుకుంటాం, ఇతర కాగితాలతో పని లేదు, మీ సంఘం సాగనంపితే చాలు అని. ఉత్తరం తెచ్చి మావగారికి ఇచ్చింది. పైడయ్యగారు ప్రార్థన చేసి కమిటీకి పంపారు. పెళ్ళయిన స్త్రీని భర్త పేరు మీద తప్ప పంపలేమని కమిటీ అంది. ఇంట్లో ఎవరికీ అందులో చిక్కు కనిపించలేదు. ధనుంజయ్ పేరు మీద దరఖాస్తు తయారైంది.

ఈ మధ్యాహ్నం అతను ఆ కాగితాన్నే వంటగదిలోకి తెచ్చాడు. రోజా రేపటి చేపలకు మసాలా నూరుతోంది.

"నీ సైన్ ఒకటే మిగిలింది. రేపు సర్వీసు అయ్యాక అందరి ముందు పెడదువుగాని. ఒకసారి సూసుకో."

తడి చెయ్యి తుడుచుకుని చూసింది. మిషనరీ పేరు: ధనుంజయ్. వెంట వచ్చువారు: భార్య, సహాయకురాలు. భాషాజ్ఞానం: స్వాహిలీ, భార్య సహాయంతో.

"పిలిచింది నన్ను కదండీ. బడి చెప్పింది నేను."

"ఇప్పుడు కాదన్నదెవరు? బడి నువ్వే సెప్పుకో. నాను ప్రసంగం సేత్తాను, నువ్వు తర్జుమా సేద్దువు. వంటకి ఆళ్ళ మనిషిని పెట్టుకుంటే మళ్ళీ మన తిండి దొరకదు, అది నువ్వు సూసుకుంటావు. టీమ్ మినిస్ట్రీ అంటే అదే."

"నా ఒక్కదాని పేరు మీద మన సంఘం పంపకూడదా? సలోమె రాసింది కదా, కాగితాలతో పని లేదని. పాస్‌పోర్టు ఉంది నాకు."

అతను కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే బాగుండేది. నవ్వాడు. "మొగుణ్ణి ఒగ్గీసి మిషనరీ సేత్తానంటావేటి? మా అమ్మ ఇంటే నవ్విపోద్ది." అత్తగారు విననే విన్నారు. నవ్వలేదు. "మసాలాలో నీరెక్కువైపోనాది సూడు," అన్నారు.

చూపించిన చోట సంతకం పెడితే మ్త్వారా చేరుతుంది; మళ్ళీ ఆ వంటే, ఈసారి పదకొండు మందికి కాదు, ఒక్కడికే, కాని ఎన్నటికీ. పెట్టకపోతే బడి తెరవరు, సలోమె కంచె దగ్గర ఎదురుచూస్తూనే ఉంటుంది. వెళ్ళాలని లేక కాదు ఆమె బాధ. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ కొట్టుకునే ప్రాణానికి బేరం పెట్టి, నీ పేరు ఇక్కడ వదిలేస్తే నిన్ను అక్కడికి చేరుస్తాం అంటున్నారు. రాయి మీద మిరపకాయ నలిగేదాకా నూరింది.

ఆదివారం తెల్లవారు నాలుగింటికి లేచి పన్నెండు మందికి వండి, వడ్డించి, ఎంగిలి ఆకులు తీసి, బియ్యం డబ్బా పట్టుకుని చర్చికి చేరేసరికి పాటలు అయిపోయాయి. ఆడవాళ్ళ వైపు చాప చివర నాగమణి పిన్ని చోటిచ్చింది.

"సేతులేటి అమ్మీ, అలా పసుపు కంపు కొడతన్నాయి? ఈయాల నీ పండగ అనుకున్నాను."

"పండగకి వండొద్దా పిన్నీ?"

"అవును మరి. పెళ్ళికూతురే పెళ్ళివంట వండినట్టు." ముసలామె ఎదుటి వేదికకేసి చూసింది. అక్కడ ధనుంజయ్ తెల్ల చొక్కా మీద జరీ అంచు శాలువా కప్పుకుని ఉన్నాడు. "ఇంతకీ పిలుపు నీకొచ్చినాదా, ఆడికొచ్చినాదా?"

"నాకే."

"మరి శాలువా ఆడికేటి?"

"మీరు అడగండి, గట్టిగా."

"నానేటి అడగను తల్లీ? పాస్టరు గారి సంతకం లేకపోతే నా పింఛను కాగితం కదలదు." నాగమణి చూపు దించుకుంది. రోజాకు ఆమె మీద కోపం రాలేదు. రేఖలు చెరిగిన వేళ్ళకు ఇంకొకరి సంతకమే దిక్కు.

ధనుంజయ్ సాక్ష్యం చెప్పాడు. చీకటి ఖండం అన్నాడు. దాహంతో ఉన్న ఆత్మలు అన్నాడు. ముత్తాతకన్నా ముందటి ఆ గంట రోజా చెవుల్లో మోగుతూనే ఉంది. "ఒక ఆఫ్రికా తల్లి నా చెయ్యి పట్టుకుని..." అన్నాడు. కమిటీ అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు పైడయ్యగారు లేచారు. "సోదరీమణులు వరుసగా వచ్చి మన సేవకుడికి సాగనంపు బియ్యం వెయ్యండి," అన్నారు. ధనుంజయ్ శాలువా కొసలు రెండు చేతులా పట్టుకుని వంగి నిలబడ్డాడు. పిడికిళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎవరికి వెయ్యాలో చెప్పకూడదన్న ఆచారాన్ని పాస్టరుగారే దాటారని ఎవరికీ తట్టలేదు. తట్టినా వరుస ఆగలేదు. రోజా డబ్బా మూత తీసింది. నెల రోజులుగా పూటపూటా తన చేతితో తీసిన బియ్యం. ఒక పిడికెడు పట్టుకుని వరుసలో నడిచింది. వెనక నాగమణి. ఆ వెనక ఇంకా ఇరవై మంది.

ఆమె వంతు వచ్చింది. ధనుంజయ్ తలెత్తి, మెల్లిగా, ప్రేమగానే, "ఊఁ, వెయ్యి," అన్నాడు. పక్కన బల్ల మీద దరఖాస్తు, దాని మీద మూత తీసిన కలం ఉన్నాయి.

శాలువా మీదికి చాచిన పిడికిలి ఆమె తెరవలేదు. రెండో చేత్తో భుజం మీది కొంగు లాగి, ముందుకు పట్టి, నాలుగేళ్ళ కిందట పట్టినట్టే పట్టి, ఆ పిడికెడూ అందులో వేసుకుంది.

"ఏటిది రోజా? అందరూ సూత్తన్నారు," అన్నాడు ధనుంజయ్, పెదవులు కదలకుండా.

పైడయ్యగారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, వంగి, మెత్తగా మందలించారు. "కోడలా, పొరపాటు పడ్డావు. అది సేవకుడికి వెయ్యాల."

"పిలుపు అందుకున్న మనిషికే వేశాను, మావయ్యగారూ," అంది రోజా. "వేసినది వెనక్కి తీయకూడదు కదా."

ఆమె వరుస తప్పుకోలేదు. భర్త పక్కనే, అతనికి ఒక అడుగు దూరంలో, కొంగు చాచి, వస్తున్న ఆడవాళ్ళ వైపు తిరిగి నిలబడింది. నాగమణి రెండు అడుగులు వేసి ఆగింది. నల్లటి వేళ్ళ ఆ పిడికిలి ముందు శాలువా ఉంది, కొంగు ఉంది. ఎటు వెయ్యాలో ఆమెకు ఇప్పుడు ఎవరూ చెప్పలేదు.