హజరాబీ చెక్కిన గరిటె

ఆత్మకూరులో రామనారాయణ ఇంట్లో మధ్యాహ్నం కంచాలు పెట్టే పద్ధతి ఒకటుంది. ముందు ఆయన, పక్కన కొడుకు రాజమోహన్. వాళ్ళు తిని, చేతులు కడుక్కుని, నడుం వాల్చేదాకా ఆడవాళ్ళు కంచం ముట్టరు. ఆ తర్వాత గిన్నె అడుగున ఏం మిగిలితే అది అత్తాకోడళ్ళది. వీధి వీధంతా అంతే, ఎవరినని తప్పు పడతాం?

ఆ ఏడు ఉదయగిరికి పెళ్లికి వెళ్ళిన ఆయన భార్య రాఘవమ్మ, అక్కడ చెక్క గరిటెలు చేసే హజరాబీ దగ్గర ఒక అన్నం గరిటె తెచ్చుకుంది. మొదటి రోజే భర్తకు మూడోసారి వడ్డించబోతే అది ఆమె చేతిలో బోర్లా తిరిగి, అన్నాన్ని మళ్ళీ గిన్నెలోకే పడేసింది.

"ఏందే, చేతిలో పట్టు లేదా?" అన్నాడు రామనారాయణ.

"నా చెయ్యి బాగానే ఉండాది. గరిటే చాలంటుండాది."

"అదెవురు చెప్పేదానికి?" అని ఆయనే లాక్కున్నాడు. ఆయన చేతిలోనూ బోర్లా తిరిగింది.

షుగరుంది, అన్నం తగ్గించమని నెల్లూరు డాక్టరు ఎంత చెప్పినా వినని మనిషి అట్లా తగ్గించాడు. పొట్ట తేలికయ్యేసరికి పగటి నిద్ర రాలేదు. ఏం తోచక బస్టాండు దాకా నడవడం మొదలుపెట్టాడు. నడక అలవాటయ్యాక చిరాకూ తగ్గింది. వింజమూరు నుంచి వచ్చిన ఆయన బావమరిది వెంగయ్య మాత్రం ఊరుకోలేక గరిటెను ఎండలో పెట్టి చూశాడు, నీళ్ళలో ముంచి చూశాడు, చేపల పులుసు చూపించి మభ్యపెట్టబోయాడు. అది పులుసుతో సహా ఆయన పంచె మీదే బోర్లా పడింది. తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు.

ఇంతలో కోడలు శీనమ్మ నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లూ నెలలు నిండకుండానే పోయాయి. మనిషిలో రక్తం లేదని, ఈసారీ అట్లాగే అయితే ఆమె ప్రాణానికే ముప్పని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. రాఘవమ్మ మొక్కని దేవుడు లేడు. దర్గాలో ప్రార్థన చదివింపులు కూడా చేయించింది.

సరిగ్గా అప్పుడే గరిటె మొరాయించింది. మగవాళ్ళు కంచాల ముందు కూర్చుంటే అన్నంలోంచి పైకి రాదు. రాజమోహన్ రెండు చేతులతో లాగినా రాలేదు. శీనమ్మ పట్టుకోగానే సులువుగా లేచి, ఆమె కంచం దగ్గరికే ఆమెను లాక్కుపోయింది.

"చాలత్తా" అంది శీనమ్మ సిగ్గుపడుతూ. గరిటె వినలేదు. ఆమె కడుపునిండా తిన్నాకే మగవాళ్ళకు వడ్డన మొదలైంది. రోజూ ఇదే వరస.

గరిటె చెడిపోయిందనుకుని రాఘవమ్మ ఉదయగిరి బస్సెక్కింది.

"ముందు మొగోళ్ళకు పెట్టాలని దీనికి తెలియకుండా ఉండాది. కొంచెం చెక్కి సరిచెయ్యి, హజరాబీ."

హజరాబీ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "కాడ నేను చేసినాను, గుంట నేను చేసినాను. బుద్ధి మాత్రం నేను పెట్టింది కాదక్కా." ఆమెకూ ఆరా తీయాలనిపించింది. "ముందు తింటుంటే మీ కోడలు ఎట్లుండాది?"

రాఘవమ్మ ఆలోచనలో పడింది. శీనమ్మ కళ్ళు తిరిగి గోడ పట్టుకోవడం ఈమధ్య చూసిన గుర్తు లేదు. గరిటెను కొంగులో చుట్టుకుని తిరుగు బస్సెక్కింది.

నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది, ఏడిస్తే వీధి చివరిదాకా వినబడేది. పేరు పెట్టే రోజు బంధువులంతా పంక్తిలో కూర్చున్నారు. గరిటె మళ్ళీ లేవలేదు.

"శీనమ్మ తినిందా లేదా?" అని అరిచాడు రామనారాయణ.

"ఎప్పుడో తిన్నాను మామా" అంటూ శీనమ్మ వచ్చి పట్టుకుంది. అది లేచింది. పంక్తి అంతా దాటుకుని పోయి, గుమ్మం దగ్గర నిలబడ్డ రాఘవమ్మ ముందు ఆగింది.

ఆమె చేతిలో కంచం కూడా లేదు. రామనారాయణ కాసేపు చూసి, తన ఖాళీ కంచాన్ని ఆమె వైపు జరిపాడు. "కూర్చో" అన్నాడు.

కాపురానికి వచ్చాక ఆమె తిన్న మొదటి వేడన్నం అది. వేళ్ళు కాలి ఊదుకుంటుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"ఇంకొంచెం పెట్టేదా అత్తా?"

"చాల్లే" అంది అలవాటు కొద్దీ.

గరిటె బోర్లా తిరగలేదు.