పేరయ్య నవ్వు మోసిన ఫ్లెక్సీ

నేను ఒక ఫ్లెక్సీని. ఎత్తు నలభై అడుగులు. నన్ను దాటలేక కొంగలు చుట్టూ తిరిగి పోయేవి. సరే, మరీ అంత కాదు. ఆరడుగులు, రెండు వెదురు కర్రలు. కొంగలు నన్ను చూడనేలేదు.

గుంటూరులో ఒక మిషను కడుపులోంచి ఇంకు వాసనతో బయటపడ్డాను. నా మీద మిరపచేలో నిలబడి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న రైతు ఉప్పుటూరి పేరయ్య. పక్కన ఎర్రటి అక్షరాలు: ‘నా పంట రహస్యం ఈ కంపెనీ విత్తనమే.’ అంతలా నవ్వే మనిషిని నేను నమ్మను, నా మీదున్నా సరే.

నన్ను పేరయ్య ఊరి బస్టాపులో నిలబెట్టారు. అక్కడ మిరప నారు పోయాలంటే ముందు పేరయ్యను అడగడం అలవాటు. ఈసారి అడగలేదు, నన్ను చూశారు. ఇరవై ఇళ్ళవాళ్ళు ఆ విత్తనమే కొన్నారు. మొక్కలు నడుమెత్తు పెరిగాయి. కాయ మాత్రం కాయలేదు.

పేరయ్యను నా కిందే నిలదీశారు.

“నీ మొహం చూసి కొన్నాం మామా,” అంది కోటమ్మ.

“ఆ ఇత్తనం నేను కళ్ళతో చూళ్ళేదమ్మాయ్. నిరుడు చేలో ఉంటే కంపెనీ ఆయనొచ్చి ఫొటో తీసుకున్నాడు, అంతే.”

“మరి భుజాన ఆ తువ్వాలేంది?”

తువ్వాలు మీద కంపెనీ పేరుంది. “ఊరికే ఇస్తే పుచ్చుకున్నా,” అన్నాడు. ఎవరూ నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు. మర్నాటి నుంచి టీకొట్టు బల్ల మీద అతని పక్కన ఎవరూ కూర్చోలేదు.

కబురు కంపెనీకి అందింది. చేలు చూడ్డానికి వస్తారనుకుంటే, సన్మాన సభ పెట్టారు. ఆదర్శ రైతని పేరయ్యకే శాలువా! ఊరి కోపం దాంతో చల్లారుతుందని ఏ ఏసీ గదిలో ఎవరికి తట్టిందో. నన్ను తెచ్చి వేదిక వెనక కట్టారు.

కంపెనీ మేనేజరు శాలువా విప్పబోతుంటే పేరయ్య మైకు అందుకున్నాడు.

“ఈ ఇత్తనం నేనెన్నడూ వెయ్యలా. ఈ బొమ్మ ఎయ్యొచ్చా అని ఈళ్ళు నన్నడగలా. బొమ్మ చూసీ ఊరుకున్నా, ఊరికే వచ్చిందని తువ్వాలు భుజానేసుకు తిరిగా, అదీ నా తప్పు.”

తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టాడు. మేనేజరు తల వంచుకుని జనానికి రెండు చేతులూ జోడించాడు.

ఆ రోజే కోటమ్మ నన్ను విప్పుకుపోయి గేదెల పాక మీద కప్పింది, బొమ్మ కిందికి ఉండేలా. వాన ఆపుతున్నాను. నేను చేసిన మొదటి నిజమైన పని ఇదే.

ఒక్క ముక్క ఒప్పేసుకుంటాను. మేనేజరు చేతులు జోడించాడన్నది నేను అల్లింది. అతను అప్పటికే కారెక్కేశాడు. చేతులు జోడించింది పేరయ్య.