గెడ్డ మీది ఎత్వం

ఇడ్లీకి మినప్పప్పు కడుగుతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఆఫీసువాళ్ళు ఇచ్చిన ట్యాబు గట్టు మీద పెట్టారు. "ఖాళీగానే ఉన్నావు కదా, ఈ నాలుగు పాయింట్లూ ఎక్కించీ" అన్నారు.

నా చేతులు మోచేతుల దాకా పొట్టునీళ్ళలో ఉన్నాయి. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నేను ఖాళీగా ఉండడం చూసిన మనిషి మా ఆయనొక్కరే. నాకెప్పుడూ కనబడలేదు.

మా ఆయన నారాయణమూర్తిగారు ఊరి సచివాలయంలో సర్వేయరు. తుఫాన్ల నెలలు వచ్చేలోపు ఊరంతా మ్యాపులోకి ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మంచం పట్టిన ముసలివాళ్ళెక్కడ, నిండు నెలల వాళ్ళెక్కడ, ఏ బడి శ్లాబు గట్టిది, ఏ గట్టు తెగేలా ఉంది, అన్నీ. నాలుగు పాయింట్లన్నవి నాలుగొందల పన్నెండయ్యాయి. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతారు, నేను ఎక్కిస్తాను, అదీ ఏర్పాటు. నిజానికి ఆయన చెప్పేది "రావి వీధి చివరిల్లు ఎవులదే?" అని. ఎవరిదో, ఇంట్లో ఎందరో, ఎవరికి కళ్ళు కనబడవో నేను చెప్పేదాన్ని. చెప్పినదాన్ని నేనే ఎక్కించేదాన్ని. అడుగున "నమోదు చేసినవారు: నారాయణమూర్తి" అని దానంతటదే వచ్చేది. మొత్తం పనిలో ఎవరూ కష్టపడనక్కర్లేని భాగం అదొక్కటే.

"ఒసే హైమా, మొగుడి ఉజ్జోగం నువ్వు సేసెత్తే నీ ఉజ్జోగం ఎవులు సేత్తారే? పప్పు మొలకలొచ్చీలా ఉన్నాది" అనేవారు మా అత్త లక్ష్మణమ్మగారు. నాది ఉద్యోగమని ఆ ఇంట్లో అన్న మనిషి ఆవిడే. వెటకారానికే అన్నారనుకోండి.

ఒక సంగతి దాచను. నాకు ఆ మ్యాపంటే పిచ్చి పట్టింది. శ్రీకాకుళంలో బియ్యే చదివినప్పుడు మా క్లాసు గోడకి వేలాడే పటంలో మా ఊరు లేదు. మేష్టారి బెత్తం చివర ఆనే చోటులోనే ఎక్కడో మా తాలూకా అంతా ఇమిడిపోయేది. ఇప్పుడేమో ఆకాశం నుంచి తీసిన ఫొటోలో మా వీధి, మా డాబా, డాబా మీద గోరంత తెల్లమచ్చ. ఏమిటా అని పెద్దది చేస్తే నేను ఆరబెట్టిన వడియాల చీర! ఒళ్ళు ఝల్లుమంది. వందల మైళ్ళ ఎత్తున తిరిగే ఉపగ్రహానికి నేను చేసిన పని కనబడింది. పక్కగదిలో పేపరు చదివే మనిషికి దాన్ని వేయించి పళ్ళెంలో వేస్తే తప్ప కనబడదు.

ఇంకా పెద్ద వింత మరొకటుంది. అంబులెన్సుల వాళ్ళు, అగ్నిమాపకం వాళ్ళు, కరెంటు వాళ్ళు, చెరువులు చూసే వాళ్ళు, కొండల మీద వాన కొలిచే వాళ్ళు, ఆఖరికి సరిహద్దు అవతలి ఒడిశా వాళ్ళు, ఎవరికి తెలిసింది వాళ్ళు తెచ్చి ఆ ఒక్క మ్యాపు మీదే పరిచారు. పక్క బల్ల మీది స్టేప్లరు అడిగితే మొహం తిప్పుకునే ఆఫీసులు ఇవి. ఒక్కో పొరా తెరుస్తుంటే కొండ, ఏరు, చెరువు, సముద్రం ఒకే ఒంటిలోని నరాల్లా కనబడేవి. కూర మాడబెట్టుకుని మరీ చూసేదాన్ని.

మా ఊరికీ నేరేళ్ళపేటకీ మధ్య సవతుల గెడ్డ ఉంది. కొండవాగుని మావైపు గెడ్డ అంటాం. రెండు పాయలు రెండు దిక్కుల నుంచి వచ్చి ఒకచోట పడి జుట్లు పట్టుకుంటాయి కనక సవతుల గెడ్డ. ఏడాదిలో పదినెలలు తెల్లటి ఇసక, బళ్ళు తిరిగే అడ్డదారి. మిగతా రెండునెలలూ దాని మాట దానిదే. నేను ఆ పేరు కొడుతుంటే మా ఆయన నా భుజం మీంచి చూసి చురుక్కుమన్నారు.

"గెడ్డ ఏటే? సదువుకున్నదానివి. పై ఆఫీసోళ్ళు నవ్వుతారు. గడ్డ అని రాయి, శుద్ధంగా ఉంటాది."

"గెడ్డ వేరు, గడ్డ వేరండీ."

"సర్వేయర్ని నేనా, నువ్వా?"

ఎత్వం తీసేశాను. ఈ కాపురంలో అలాంటివి చాలా తీసేశాను. ఎవరి ప్రాణం మీదకీ రాలేదు కనక లెక్కపెట్టుకోలేదు.

అక్టోబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. ఆ ఉదయం మా ఆయన మండలాఫీసుకి పరిగెత్తారు. "షెల్టరు వివరాలు పన్నెండు లోపు ఎక్కించీ" అని ట్యాబు నాకు వదిలేశారు. మా దగ్గర ఇంకా సన్నజల్లే. తొమ్మిదింటికి మ్యాపు తెరిచాను. నేరేళ్ళపేటలో ఒక తెల్లచుక్క ఆగి ఉంది. అంబులెన్సు. మాకు పాలుపోసే ధనలక్ష్మిది ఆ పేటే, నెలలు నిండాయి. గాలివాన రాకముందే గర్భిణులను ఆసుపత్రికి చేర్చాలని బండి పంపారు. ఆ పిల్ల ఇంటి మీద గుర్తు పెట్టింది నేనే. నా గుర్తు పట్టుకుని బండి వెతుక్కుంటూ వచ్చిందని మురిసిపోయాను.

అప్పుడు చూశాను, ఆ బండి తిరిగొచ్చే ఆకుపచ్చ గీత. అది సిమెంటు వంతెన ఉన్న కాలువగట్టు మీద లేదు. సూటిగా సవతుల గెడ్డలోంచి ఉంది. గీత పక్కన చిన్న గుట్ట బొమ్మ. దాని కింద: సవతుల గడ్డ, రకం: ఎత్తు నేల, వాహనాలకు అనుకూలం.

పైన ఎవరో మావైపు వాళ్ళు కానివాళ్ళు గడ్డ అని చదివారు. ఫొటోలో ఆరిన ఇసక చూశారు. మిట్ట నేల అనుకున్నారు. వాళ్ళ తప్పేముంది? నేను ఎత్వం తీస్తే వాళ్ళు ఎత్తు ఇచ్చారు. వాగులన్నిటికీ ఎర్ర హెచ్చరిక వెలుగుతోంది ఆ ఉదయం. వాగు కాకుండా పోయిన మా గెడ్డ ఒక్కటీ పచ్చగా నవ్వుతోంది.

వాన పొర తెరిచాను. ఒడిశా కొండల్లో వాన కొలిచే యంత్రం చుట్టూ ముదురెరుపు. ఆరున్నర నుంచి కుండపోత. కొండ మీది వాన మా గెడ్డకి దిగడానికి మూడు గంటలు పడుతుంది. ఈ లెక్క ఏ శాఖ దగ్గరా లేదు. గెడ్డలో బట్టలుతికే ఆడవాళ్ళ దగ్గరుంది. కొండ నల్లబడగానే పొద్దు చూసుకుని మూట కట్టేస్తారు, చూసి చూసి వచ్చిన లెక్క అది. అప్పుడు టైము తొమ్మిదీ పది.

ధనలక్ష్మికి ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. హడావుడిలో ఇంట్లోనే వదిలేసిందని తర్వాత తెలిసింది. మా ఆయనకి చేశాను.

"ఏమండీ, ఆ గెడ్డకి ఎత్వం..."

"ఇప్పుడా స్పెల్లింగు గోల! పెద్దోళ్ళు కూకున్నారిక్కడ. నువ్వేటీ కదపకు. అది నా లాగిను. ట్యాబు ఇంట్లో వదిలీసినానని తెలిస్తే మెమో ఇస్తారు" అని పెట్టేశారు.

తెల్లచుక్క కదిలింది.

మ్యాపు కింద ఎమర్జెన్సీ నంబరుంది. నొక్కాను. "కంట్రోల్ రూమ్, దుర్గను మాట్లాడుతున్నా" అంది ఒక అమ్మాయి. మాట కర్నూలు వైపుది. ఊరి పేరు చెప్పి, సర్వేయరుగారింటి నుంచి అనగానే "నారాయణమూర్తి సార్ ఇంటి నుంచా? సార్‌కి ఇవ్వండి మేడమ్, అర్జెంటు లైను ఇది" అంది.

అక్కడ నేను 'సార్ పనిలో ఉన్నారండీ, ఆయనే చెప్పమన్నారు' అని ఉండచ్చు. పద్నాలుగేళ్ళుగా నాకు తోచిన ప్రతి మంచి ఊహా ఆయన చెప్పమన్నదిగానే బయటికెళ్ళింది. అంతా క్షేమంగా ఉండేది. కానీ ఆ అమ్మాయి తిప్పి ఆయన్నే అడుగుతుంది. ఆయన "స్పెల్లింగు గోల" అంటారు. బండి ఈలోపు ఇసకలో దిగుతుంది.

"సార్‌కి తెలీదమ్మా. ఈ ఊరి గుర్తులన్నీ పెట్టింది నేను. ఆయన భార్యని. ఒకటి తప్పు పెట్టాను. సవతుల గడ్డ ఎత్తు నేల కాదు, ఏరు. మా అంబులెన్సు దాన్లోకి వెళ్తోంది."

"గడ్డ అంటే మిట్టే కదా మేడమ్?"

"మీకు మిట్ట. మాకది గెడ్డ. ఎత్వం ఉంటుంది, నేను తీసేశాను. కొండ మీద ఆరున్నరకి పడ్డ వాన తొమ్మిదిన్నరకల్లా ఇక్కడుంటుంది. మీ వాన పొర చూడండి."

అవతల కీబోర్డు టకటక. "ఇప్పుడు తొమ్మిదీ పద్నాలుగు" అంది దుర్గ, తనలో తను. "వేరే దారి?"

"కాలువగట్టు. ఏడు కిలోమీటర్లు చుట్టు. వంతెన గట్టిది, నేనే ఎక్కించాను."

"మేడమ్, మీరే సరిచేయండి. ఇక్కడ ఓకే కొడతా."

వేలు తడిగా ఉండి మొదటిసారి పనిచెయ్యలేదు. కొంగుకి తుడుచుకుని ఎత్వం పెట్టాను. రకం: వాగు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు మాటలు చాలవు. గుట్ట బొమ్మ మాయమైంది. సవతుల గెడ్డ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా వెలిగింది. ఆకుపచ్చ గీత తెగి, పాములా మెలికపడి, కాలువగట్టు ఎక్కింది. తెల్లచుక్క గెడ్డ ఒడ్డున ఆగింది. వణికింది. తిరిగింది. ఇంతేనా, ఎక్కడో మలుపులో ఉన్న అగ్నిమాపకం బండి కూడా దారి మార్చుకుంది. ఎవరో, ఎక్కడివాళ్ళో, నా మొహమెరగనివాళ్ళు, నేను పెట్టిన ఒక్క ఎత్వాన్ని నమ్మి వెనక్కి మళ్ళారు. మా ఇంట్లో నేను ఉప్పు సరిపోయిందంటే నమ్మరు, గరిటె పట్టుకొచ్చి రుచి చూస్తారు.

డాబా ఎక్కాను. తొమ్మిదీ ముప్పై అయిదుకి మొదట చప్పుడొచ్చింది, గూడ్సు బండి వస్తున్నట్టు. ఆ తర్వాత ఎర్రటి నీళ్ళు, నురగ, వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన ఒక చింతచెట్టు. తెల్లటి ఇసక మీద రెండు పాయలూ కలబడ్డాయి. ఏళ్ళ తరబడి చూస్తున్న గెడ్డే. ఆ రోజు దానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

సాయంత్రం ఎవరిదో ఫోను తీసుకుని ధనలక్ష్మి మాట్లాడింది. "ఆడపిల్ల, వదినా. ఆ డ్రైవరు ఎనక్కి తిప్పుతుంటే బండబూతులు తిట్టీసినాను. నొప్పులొస్తంటే ఏడు కిలోమీటర్లు తిప్పుతావేట్రా అని. పాపం, ఆడికో దండం సెప్పు."

మా ఆయన మర్నాడు తడిసి వచ్చారు. "మెమో ఇచ్చినారు. సంతోషమా? నా లాగిను పెళ్ళాం సేతికిచ్చానని జిల్లా అంతా తెలిసిపోయింది. ఎత్వం కోసం నా పరువు తీసీసినావు."

నేను నోరు తెరవకముందే మా అత్త మంచం మీంచి అన్నారు. "గెడ్డని గడ్డంటే గెడ్డ ఊరుకుంటాదేట్రా?"

ఆయన ఇంకా ఏదో అంటుండగా నా ఫోను మోగింది. దుర్గ. మా మండలంలో ఇలా శుద్ధి అయిపోయి గడ్డలైన గెడ్డలు ఇంకా పదకొండు తేలాయట. వచ్చే వాయుగుండం లోపు ఎవరైనా ఒడ్డుకెళ్ళి, అక్కడి ఆడవాళ్ళని అడిగి, సరిచెయ్యాలట. "మీ పేరున లాగిను చేస్తా అక్కా. ఫీల్డులో ఉన్నంతసేపూ మీరెక్కడున్నారో అందరికీ కనబడుతుంది. పర్లేదా?"

పర్లేదన్నాను.

వాన తెరిపిచ్చిన నాడు పొద్దున్నే చెప్పులు తొడుక్కుంటుంటే, పేపరు దించి "ఎక్కడికే?" అన్నారు మా ఆయన.

"మ్యాపులో సూసుకోండి" అన్నాను. "నీలం సుక్క. పక్కన నా పేరుంటాది."