నలుగురు మనుషులు, ఒక కుళాయిల పెట్టె

గాలివానలో సరుకుల పడవ ఒకటి ఇంజను ఆగిపోయి రాళ్ల వైపు కొట్టుకుపోతుంటే, చేపలు పడుతున్న సరంగు కంటపడింది. వల లాగే వ్యవధి లేదు. కోసి వదిలేసి పడవ తిప్పాడు. సరుకుల పడవ మునిగేలోపు దాని కెప్టెన్‌తో సహా నలుగురిని ఎక్కించుకున్నాడు. సామాను పోతే జీతంలో కోస్తారన్న భయంతో వంటవాడు ఇత్తడి కుళాయిల పెట్టె ఒకటి చంకన పెట్టుకుని మరీ ఎక్కాడు.

వారం తర్వాత కొత్త వలకు సాయం అడుగుదామని సరంగు, భార్యను వెంటబెట్టుకుని, రెండు పడవలకూ బీమా ఉన్న కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీలు చూపించి ఫైలు తెరిచాడు.

"ఏమేం కాపాడారు?"

"నలుగురు మనుషుల్నండీ."

"అది సరే. ఏమేం కాపాడారు?"

సరంగు తన భార్య వైపు చూశాడు.

"మనుషుల్ని కాపాడటం ధర్మమండీ," అన్నాడు ఆఫీసరు. "ధర్మానికి కూలి కడితే మిమ్మల్ని అవమానించినట్టే. సరుకు కాపాడితే మాత్రం అందులో వాటా ఇస్తాం."

"మరి నా వల?"

"మీరే కోసుకున్నారు కదా. అది నష్టం కాదు, మీ నిర్ణయం."

"పోనీ, కుళాయిల పెట్టె?" అంది భార్య.

ఆఫీసరు ముఖం విప్పారింది. పెట్టె విలువలో నాలుగో వంతు మంజూరు చేశాడు. తూకం ఖర్చు, తనిఖీ ఖర్చు పోగా ఇద్దరికీ బస్సు ఛార్జీలు మిగిలాయి, ఒకవైపుకి.

వరండాలో కెప్టెన్ కనిపించాడు. పక్కనే ఉన్న పడవ యజమానుల ఆఫీసుకు జీతం కోసం వచ్చాడట. పడవ మునిగిన నిమిషం నుంచి ఉద్యోగం లేదని రాసిచ్చారు.

"మీ పడవలో ఒడ్డుకొచ్చినంతసేపూ నేను నిరుద్యోగినట," అన్నాడు. "నాకెంత వెల కట్టారు అన్నా?"



"నీకంటే కుళాయి నయం తమ్ముడూ," అంది భార్య.

కెప్టెన్ నవ్వబోయి ఆగిపోయాడు. ఇన్నేళ్లూ సరుకు చీటీలు రాసింది తనే. వాటిలో మనిషి పేరు ఏనాడూ రాయలేదు.

మర్నాడు నలుగురూ సరంగు ఇంటికొచ్చి వల అల్లడానికి కూర్చున్నారు. కెప్టెన్ అల్లిన కన్నుల్లోంచి తిమింగలమైనా దాటిపోయేలా ఉంది. సరంగు భార్య విప్పించి మళ్లీ వేయించింది. వంటవాడికే చెయ్యి తిరిగింది.

రెండు నెలలకు వల పూర్తయింది. అదే రోజు బీమా కంపెనీ ఉత్తరం వచ్చింది. సరంగు సాహసానికి అభినందనలు. ప్రమాదం వైపు పడవ తిప్పే అలవాటు ఉన్నందున అతని బీమా ప్రీమియం పెంచారు.

సరంగు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, నలుగురినీ పడవ ఎక్కించాడు. కెప్టెన్ చుక్కాని వైపు నడవబోతే సరంగు భార్య గట్టు మీద నుంచే ఆపింది.

"నువ్వు వల దగ్గరుండు తమ్ముడూ. నీ పడవ నడపడం చూశాంగా."