ఏకగ్రీవ ముద్ర ఉద్యోగం పోయిన రోజు

నేను ఒక రబ్బరు ముద్రను. నల్లరంగు వేసిన కర్ర పిడి, ఎర్ర రబ్బరు ముఖం. ఆ ముఖం మీద ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని బల్గేరియా భాషలో తిరగేసి చెక్కారు. అద్దంలో చూసుకుంటే తప్ప నా రాత నాకే అర్థం కాదు. అయినా గర్వానికేం తక్కువ లేదు.

బల్గేరియాలో ఒకే పార్టీ రాజ్యమేలుతున్న రోజుల్లో, ఒక ప్రభుత్వ కార్ఖానాలో పుట్టాను. అదే అచ్చులో నాతో పాటు ఇంకో రెండు వందల ముద్రలు పుట్టాయి. ‘తిరస్కరించడమైనది’ అనే ముద్ర కావాలని మాత్రం ఒక్క ఆర్డరూ రాలేదట. అక్కడి నుంచి రుదావిత్స అనే చిన్న ఊరి పఠన మందిరానికి చేరాను. అక్కడ పుస్తకాలే కాదు, పాటలు, నాటకాలు, చదరంగం అన్నీ ఉండేవి. సభ్యులంతా ఊరివాళ్ళే. నిర్ణయాలు మాత్రం పైనుంచి వచ్చేవి.

నన్ను చేతపట్టింది రోసిత్స. ఆమె లైబ్రేరియన్, సభలో మినిట్సు రాసే కార్యదర్శి కూడా. అధ్యక్షుడు కాగితం చదివి “అనుకూలురు?” అనేవాడు. చేతులన్నీ లేచేవి. “వ్యతిరేకులు?” అంటే అందరూ తమ బూట్లు చూసుకునేవాళ్ళు. రోసిత్స నన్ను ప్యాడుకద్ది టప్పున కొట్టేది. ఆదివారం అందరూ ‘స్వచ్ఛందంగా’ వీధులు ఊడవాలన్న తీర్మానం మీద కూడా నేనే పడ్డాను. రానివాళ్ళ పేర్లు రాసుకునేవారన్నది వేరే సంగతి. ఊరంతా ఒక్క మాట మీద ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

ఒక చలికాలం ఆ పార్టీ పడిపోయింది. గోడల మీది పటాలు దిగాయి, వీధుల పేర్లు మారాయి. ముద్ర మార్చాలని మాత్రం ఎవరికీ తోచలేదు. జనం ఎన్నికల్లో ఓటు వేసి వచ్చేవాళ్ళు గాని, సభ అంటే ముఖం చాటేసేవాళ్ళు. ఆ బలవంతపు స్వచ్ఛంద సేవ అంత చేదుగా మిగిలింది మరి. వచ్చిన కొద్దిమంది చేతులూ పాత అలవాటుగానే లేచేవి.

అలా పదిహేనేళ్ళు గడిచాక కొత్త మేయరు ఒక కాగితం తెచ్చాడు. మందిరం భవనాన్ని జూదశాల కంపెనీకి ఇచ్చేయాలి, పుస్తకాలను బడి గోదాములో పడేయాలి. అందుకు సభ్యులు ఒప్పుకోవాలని నిబంధన. రోసిత్సకు అన్నం సహించలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె ఇల్లూ వాకిలీ ఆ మందిరమే. ఇంటింటికీ తిరిగి సభకు రమ్మని బతిమాలింది. ఆమెతో కలిపి అరవై రెండు మంది పోగయ్యారు. త్వరగా పోదామని కోట్లు కూడా విప్పకుండా కూర్చున్నారు.

మేయరు కాగితం చదివాడు. జోలపాటంత హాయిగా ఉంది. “అనుకూలురు?” అన్నాడు.

చేతులన్నీ లేచాయి. నేను ప్యాడు వైపు చూశాను. అంతలో ముందు వరుసలోంచి మెతోది లేచాడు. ఆయన రిటైరైన రైలింజను డ్రైవరు, రోజంతా ఈ మందిరంలో చదరంగం ఆడుతూ ఉంటాడు. ఆయన చెయ్యీ ఇంకా పైనే ఉంది.

“రోసిత్సమ్మా, మేమంటే బుద్ధిలేక ఎత్తాం. నువ్వెందుకెత్తావు?” అన్నాడు.

రోసిత్స తలెత్తి చూసుకుంది. అందరికంటే నిటారుగా ఉన్నది ఆమె కుడిచెయ్యే. ముందు ఆమె ముఖం పాలిపోయింది. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. ఆ నవ్వు హాలంతా పాకింది. నవ్వేవాళ్ళ చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి.

“ఓటింగు అయిపోయిందండీ,” అన్నాడు మేయరు.

“ముద్ర పడలేదు కదండీ,” అంటూ రోసిత్స నన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది.

తర్వాత రెండు గంటలు జనం మాట్లాడారు. కప్పు కారుతోందన్నారు, పొయ్యిలోకి కట్టెలు మేమిస్తామన్నారు, మధ్యలో పాత తగాదాలు కూడా తవ్వుకున్నారు. కోట్లు విప్పారు. చివరికి పేరుపేరునా పిలిచి అడిగితే అరవై ఒక్కరు భవనం ఇవ్వొద్దన్నారు. మిగిలింది మెతోది భార్య వెలిచ్క.

“ఇచ్చేయండి,” అందామె. “ఇది మూస్తేగాని మా ఆయన పగలు ఇంట్లో కనపడడు.”

మెతోది మెడ గోక్కున్నాడు. పక్కనున్నామె, “నువ్వూ కలిస్తే ఏకగ్రీవం అవుతుంది కదా వదినా,” అని బతిమాలింది. నిజం చెబుతున్నాను, నాకూ ఆశ పుట్టింది.

“అక్కర్లేదు, ఆమె మాట ఆమెది,” అని రోసిత్స కలం తీసింది.

అంతవరకూ సభ అయ్యాక ఆ మినిట్సు పుస్తకం ముఖం చూసినవాళ్ళు లేరు. ఆ రోజు అందరూ బల్ల చుట్టూ మూగి, తమ మాట పడిందో లేదో వెతుక్కున్నారు. నన్నెవరో పక్కకు తోశారు. కోపం రాలేదు సరికదా, హాయిగా అనిపించింది.

వెలిచ్క అందరినీ తోసుకుని వచ్చింది. “నాది రాశావా?”

“రాశానండీ. మీరొక్కరే ఇచ్చేయమన్నారని రాశాను.”

“ఎందుకన్నానో కూడా రాయి,” అంది వెలిచ్క, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.