శనివారం ఏడింటికి ఐరన్ సైలో

విజయశ్రీ చెప్పిందంటూ రేణు అమెరికాలో వాళ్లుండే ఇర్వింగ్ ఊళ్లో తెలిసిన తెలుగువాళ్ల ఇళ్లన్నింటికీ ఫోన్ చేసి చెప్పిన సంగతేమిటంటే, భీమశంకర్‌గారి అబ్బాయి ఉదయ్ శనివారం సాయంత్రం ఏడింటికి టీవీలో కనబడతాడట. పొద్దస్తమానం ఆ పాటల ఛానెల్ ముందే పడుండే విజయశ్రీ కూతురు మీనా స్వయంగా విన్నదట. వాడెవరో తెల్లపిల్లని పెళ్లి కూడా చేసేసుకున్నాడట. పెళ్లి మాట మాత్రం రేణు దారిలో కలిపింది.

టీవీ మాట నిజమే. ఎనభై నాలుగో సంవత్సరం అది. ఉదయ్ హైస్కూల్లో ఉండగా ముగ్గురు అమెరికన్ కుర్రాళ్లతో కలిసి ఒకడి గ్యారేజీలో మొదలుపెట్టిన బ్యాండు ఐరన్ సైలో. వీడిది బేస్ గిటారు. బాణీల్లో సగం వీడివే. ఎనిమిదేళ్లపాటు బార్లలో తాగుబోతుల కేకల మధ్య వాయించారు. పెద్ద బ్యాండ్లకు ముందు, జనం ఇంకా బయట కార్లు పెట్టుకుంటుండగా, ఖాళీ కుర్చీలకు వాయించారు. వ్యానులో స్పీకర్ల సందుల్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నారు. దీనికోసం ఉదయ్ కాలేజీ మానేస్తే భీమశంకర్ ఏడాదిపాటు కొడుకు మొహం చూడలేదు. ఇన్నాళ్లకు ఒక రికార్డుల కంపెనీ వీళ్ల పాటలతో రికార్డు వేసి, ఒక పాటకు వీడియో తీసింది. నలుగురిలో తలెత్తుకునే రోజొచ్చిందని ఆయన సంబరం.

"ఎవర్నీ పిలవకు మామ్" అన్నాడు ఉదయ్ ఫోన్‌లో.

దిష్టి తగులుతుందని బెదురుతున్నాడనుకుంది తల్లి వసుమతి. అందర్నీ పిలిచింది. వాడు గుమ్మంలో అడుగుపెట్టగానే ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పారేసింది. ఇక భయం లేదని ఆవిడ ధీమా.

శనివారం హాల్లో కార్పెట్ మీద దుప్పట్లు పరిచారు. పేపర్ ప్లేట్లలో పులిహోర తిరుగుతోంది. వాళ్ల స్నేహితుడు జగదీష్ పాటను టేపులోకి ఎక్కించడానికి తన వీసీఆర్ మోసుకొచ్చి, రికార్డు బటన్ మీద వేలుపెట్టి, వంతు నీళ్లకు కాలవగట్టున కాసుకున్న రైతులా కూర్చున్నాడు. ఉదయ్ వంటింటి గోడకానుకుని నిలబడ్డాడు. రమ్మన్నా ముందుకు రాలేదు.

పాట వచ్చింది. పొగ, మంటలు, డ్రమ్ముల మోత. పాడేవాడు కనబడ్డాడు. ఆ వెనకే బేస్ గిటారు ఊపుతూ నీలికళ్ల, బంగారు జుట్టు కుర్రాడొకడు గెంతాడు.

"ఇంతకీ మనవాడేడే?" అంది వసుమతి తల్లి కోటమ్మ.

"వస్తాడు, ఉండండత్తయ్యగారూ!" అన్నాడు భీమశంకర్.

"మేకప్ వేసుంటారండీ," అన్నాడు జగదీష్. "విగ్గులవీ పెడతారుగా."

"కళ్లక్కూడా విగ్గే పెట్టారా?" అంది రేణు.

"నో అంకుల్. అది ఉదయ్ కాదు," అంది మీనా.

పాట అయిపోయి టూత్‌పేస్టు ప్రకటన వచ్చింది. జగదీష్ వేలు ఇంకా బటన్ మీదే ఉంది. భీమశంకర్ లేచి టీవీ కట్టేశాడు.

"వాయించింది నువ్వు కాదా?"

"నేనే డాడీ. రికార్డులో నేనే. వాడు యాక్టర్. వాడికి గిటారు పట్టుకోవడమే రాదు."

"ఆ కంపెనీవాడి నంబరివ్వు. సోమవారం లాయర్‌తో మాట్లాడతా. రంగు చూసి తీసేస్తే నోరు మూసుకుని పడుంటామనుకున్నారా వెధవలు?"

"వదలకండి అన్నయ్యగారూ," అంది రేణు.

"వాళ్లు తియ్యలేదు," అన్నాడు ఉదయ్.

"మరి?"

"మా నలుగురి ఫోటో చూసి, ఆలోచించాలన్నారు. తర్వాత ఫోన్ లేదు. వెయిట్ చేశాం. చివరికి బ్యాండు మీటింగ్‌లో నేనే చెప్పాను, వీడియోలో నా ప్లేస్‌లో ఇంకొకణ్ణి పెడదామని."

"నీకేం పోయేకాలంరా?" అంది వసుమతి. "నీ నోటితో నువ్వే ఎందుకు చెప్పావు?"

"మిగతా ముగ్గుర్లో ఒక్కడన్నా నో అంటాడేమోనని చెప్పాను మామ్. ఎవడూ అనలేదు."