సర్పంచి గూట్లో బల్బు

నరసింగరావు ఇంట్లో రెండు దీపాలు వెలుగుతున్నాయి. ఒకటి నడవలో, కూతురు యమునను చివరిసారి పడుకోబెట్టిన చోట పెట్టిన నూనె దీపం. రెండోది పక్కగదిలో, యమున పెంచుకున్న ఇగువానా గూట్లో బల్బు. పెద్దకర్మ అయ్యేదాకా మొదటిది ఆరకూడదని అందరికీ తెలుసు. రెండోది ఎందుకు ఆర్పడం లేదని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఇగువానా అంటే మన ఉడుముకి దూరపు చుట్టంలా కనబడే పచ్చటి ప్రాణి. ఆకులు తింటుంది, వేడి కాచుకుంటుంది, అంతకు మించి ఈ లోకంతో దానికి పనిలేదు. మెడ కింద వేలాడే తోలు అచ్చం కండువాలా ఉందని యమున దానికి సర్పంచి అని పేరు పెట్టింది. "అసలు సర్పంచి కన్నా ఇదే నయం నాన్నా, ఆకులు తప్ప ఏటీ తినదు" అనేది.

నరసింగరావు నెల్లిమర్లలో జూట్ మిల్లులో పని చేసి రిటైరైనవాడు. గోగునార నూగు వేడి బల్బుల మీద పేరుకుంటే ఎలా అంటుకుంటుందో ఎరిగినవాడు. ఎవరూ లేని గదిలో లైటు కనబడితే ఇంటిల్లిపాదికీ చీవాట్లే. అలాంటి మనిషి, చెక్క గూట్లో పొద్దస్తమానం బల్బు వెలగాలంటే ఊరుకుంటాడా? తండ్రీకూతుళ్ల మధ్య పెద్ద యుద్ధమే జరిగింది. ప్లాస్టిక్ హోల్డర్ కరుగుతుందని యమున పింగాణీది తెచ్చింది. సర్పంచి ఎగబాకి ఒళ్లు కాల్చుకోకుండా బల్బు చుట్టూ ఇనుప జాలీ బిగించింది. బల్బు ఒక మూలే ఉండాలని, రెండో మూల చల్లగా వదిలేయాలని చెప్పింది. పొద్దు గూకగానే ఆర్పెయ్యాలన్న ఆఖరి షరతు మాత్రం నరసింగరావుది.

"అది నువ్వు సెప్పక్కర్లేదు. దానికీ రాత్రి కావాల గదా" అంది యమున.

డెంగీ జ్వరంతో విజయనగరం ఆసుపత్రికి బయలుదేరిన పొద్దున, ఆటో ఎక్కబోతూ వెనక్కి వచ్చి ఆ స్విచ్ వేసింది. మళ్లీ ఇంట్లోకి నడిచి రాలేదు.

అప్పట్నుంచీ ఆ బల్బు ఆరలేదు. యమున ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆర్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. కరెంటు పోతే ఇన్వర్టరు అందుకుంటోంది. యమునను సాగనంపి వచ్చిన సాయంత్రం నరసింగరావు అలవాటుగా స్విచ్ దాకా వెళ్లాడు. గుమ్మంలోంచి భార్య లక్ష్మీనరసమ్మ చూసింది.

"మన పిల్ల ఏసిన ఎలుగు. ఆర్పీకు" అంది. ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. నడవలో దీపానికి నూనె పోస్తూ కూర్చుంది.

అతనికి ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు ఏడుస్తుంటే మంచినీళ్లు ఇచ్చాడు, కుర్చీలు వేశాడు, పెట్టిన అన్నం తిన్నాడు. లోపల బాధ ఉందేమోనని వెతుక్కున్నాడు కూడా. ఏమీ లేదు. సర్పంచి ఆకులు ముట్టడం మానేసింది. బల్బుకి దూరంగా, గూటి అద్దం తలుపుకి ముక్కు ఆనించి, నోరు తెరుచుకుని పడుంది. అదీ చూశాడు. చూసి, ఎండిన ఆకులు తీసేసి కొత్తవి వేశాడు.

ఒక సాయంత్రం ఉష వచ్చింది. రాజాం కాలేజీలో యమునతో కలిసి చదివిన పిల్ల. నడవలో దీపానికి దండం పెట్టుకుని పక్కగదిలోకి వెళ్లింది. గూటి చెక్క మీద చెయ్యి ఆనించి వెంటనే తీసేసింది.

"బాబాయ్, ఈ బల్బు ఎప్పట్నుంచి ఎలుగుతన్నాది?"

"యమున ఏసినకాడ్నుంచి."

ఉష రెండో మూల కూడా తడిమి చూసింది. "గూడంతా కాగిపోనాది. ఈ మూల కూడా సల్లదనం లేదు. జాలీ ఉండబట్టి ఒళ్లు కాల్లేదు గానీ, నిద్దర లేకపోతే ఇది బతకదు. ఆర్పీ బాబాయ్."

నరసింగరావు చెయ్యి స్విచ్ మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. "ఇది ఆర్పీస్తే అది ఏసింది ఇంకేటీ మిగల్దమ్మా" అన్నాడు. కోటా బియ్యం సంగతి చెబుతున్నట్టు గొంతు మామూలుగానే ఉంది.

ఉష కళ్లు తుడుచుకుంది. "సాయంత్రం పూట నాతో ఫోన్ మాట్లాడతా మాట్లాడతా మద్దెలో ఈ బల్బు ఆర్పీసేది బాబాయ్. 'సర్పంచీ, పడుకో. రేపు పొద్దున్న మళ్లీ ఏస్తాను' అనేది. ఆ మాట అనకుండా ఒక్కనాడూ ఆర్పలేదు."

నరసింగరావు గూటి వైపు వంగాడు. "సర్పంచీ, పడుకో" అన్నాడు. "రేపు పొద్దున్న..." దాకా వచ్చి ఆగిపోయాడు. వేస్తానన్న పిల్ల లేదు కదా.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది. నూనె జిడ్డుగా ఉంది. రెండు చేతుల కింద స్విచ్ టక్కుమంది.

"రేపు పొద్దున్న నానేస్తాను" అంది లక్ష్మీనరసమ్మ.

గది చీకటైపోయింది. గూట్లో గోళ్లు చెక్క మీద గీరుకున్న చప్పుడు కాసేపు వినబడి ఆగింది. యమున పోయాక ఆ గదిలో రాత్రి కావడం అదే మొదలు. నరసింగరావు గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు. లక్ష్మీనరసమ్మ అతని పక్కనే కూర్చుండిపోయింది. నడవలో దీపానికి ఉష నూనె పోసింది.